సర్వర్‌లో అడగని సామాన్

విండోస్ సర్వర్ 2016ను డెస్క్‌టాప్‌తో సహా వేసుకుంటే అందులో ఎక్స్‌బాక్స్ సర్వీసులు రెండు వచ్చేవి. ఒకటి ఎక్స్‌బాక్స్ ఖాతాలోకి లాగిన్ చేయించేది. రెండోది మీరు ఆటను ఎక్కడిదాకా ఆడారో అక్కడ దాచిపెట్టేది. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో తాళం వేసిన గదిలో నడిచే మెషీన్ కోసం తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ అది. అక్కడ ఎవరు కూర్చుని గేమ్ ఆడతారు మియా? తర్వాత మైక్రోసాఫ్టే ఏయే సర్వీసులు ఆపేయొచ్చో ఒక ఫెహ్రిస్త్ రాసి, ఈ రెండింటినీ ఆపేయమని మష్వరా ఇచ్చింది. పెట్టిందీ వాళ్లే, ఆపేయమన్నదీ వాళ్లే. మధ్యలో చాకిరీ మాత్రం ఆ సర్వర్ చూసుకునేవాడిది.

ఈ గోల ఇళ్లల్లో ఉండేవాళ్లకెందుకు అంటారేమో. మన ఖాందాన్లలో ఒక్క బచ్చా అయినా హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో కంప్యూటర్ నౌకరీలో ఉంటున్న కాలం ఇది. అమ్మీకి రాసిన మందుల చీటీ, పిల్లల మార్కులు, మన బ్యాంకు హిసాబ్ అన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లోనే ఉంటాయి. అది అమానత్. అమానత్ దాచిన ఇంటికి ఎన్ని దర్వాజాలు ఉన్నాయి, వాటిలో ఎన్ని ఊరికే తెరిచి ఉన్నాయి అన్నది ఒక్క ఇంజనీర్లు మాత్రమే పట్టించుకోవాల్సిన సవాల్ కాదు.

నేను ఇంజనీర్‌ని కాను. ఉర్దూ మీడియం స్కూలు, తెలుగు డిగ్రీ, ఆ తర్వాత అంతా అఖ్బార్ పనే. నలుగురు దోస్తులం కలిసి పాత వ్యాసాలు, కథలు, పాఠకుల ఉత్తరాలు దాచుకోవడానికి ఒక చిన్న సర్వర్ కిరాయికి తీసుకున్నాం. ఒక గిగాబైట్ మెమరీ, అంతే. పెద్ద కంపెనీకి అది ఒక లెక్క కాదు. మాకు మాత్రం ప్రతి మెగాబైటూ లెక్కే. చాబీ చేతికొచ్చిన రోజే లోపల ఏమేం నడుస్తున్నాయో ఫెహ్రిస్త్ తీశాం. మేము వేసినవి రెండే ప్రోగ్రాములు, నడుస్తున్నవి డజన్ల కొద్దీ. చాలావరకు జరూరీవే, కాదనను. కానీ కిరాయికిచ్చిన కంపెనీ (పేరు అనవసరం) తన సొంత నిఘా ప్రోగ్రామ్ ఒకటి పెట్టింది. అది మా మెషీన్ హాల్‌చాల్ అంతా రాత్రింబగళ్లు వాళ్లకు పంపుతోంది. తీసేస్తే మెషీన్ మళ్లీ స్టార్ట్ అయ్యాక తిరిగి వచ్చి కూర్చుంది. బిన్ బులాయే మెహమాన్ అంటారు చూడండి, ఈయన అంతకన్నా ఒక ఆకు ఎక్కువ. సాగనంపినా వెళ్లని మెహమాన్.

డిఫాల్ట్ అనే మాటకి ఉర్దూలో గానీ తెలుగులో గానీ సరైన లఫ్జ్ నాకు దొరకలేదు. ముందే పెట్టి ఉంచినది అనొచ్చు. మీరు అడగలేదు, వద్దని చెప్పే మౌకా మీకు రాలేదు, కాబట్టి ఉంది. వద్దని చెప్పకపోవడాన్ని ఇజాజత్ కింద లెక్కేసుకోవడం అన్నమాట. నా ఎతరాజ్ అంతా అక్కడే.

అవసరం లేని ప్రోగ్రామ్ ఒక మూల పడి ఉంటే నుక్సాన్ ఏమిటి, కాస్త జాగా పోతుంది అంతే కదా అని అడిగేవాళ్లకు 2021 నాటి ప్రింటర్ కథ చెప్పాలి. విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అనే సర్వీస్ ఉంటుంది. ప్రింటర్‌కు పంపిన కాగితాలను వరసలో నిలబెట్టడం దాని పని. పాపం, మంచి పనే. కానీ అది సర్వర్లలో కూడా ముందే ఆన్ చేసి వస్తుంది. డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్‌లోనూ అంతే. డొమైన్ కంట్రోలర్ అంటే ఆఫీసు మొత్తానికి చాబీల గుత్తి. ఎవరు లోపలికి రావాలి, ఎవరు ఏ గదిలోకి వెళ్లాలి అని నిర్ణయించేది అదే. దానికీ ప్రింటర్‌కూ ఉన్న సంబంధం, డైరెక్టరీలో పాత ప్రింటర్ల పేర్లు తుడిచే చిన్న పని తప్ప, దాదాపు ఏమీ లేదు. ఆ స్పూలర్‌లో ఉన్న ఒక లోపాన్ని వాడుకునే కోడ్ 2021 జూన్ చివర్లో బయటపడింది. ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. ఆఫీసులో మామూలు ఉద్యోగి ఖాతా ఒక్కటి చేతికి చిక్కితే చాలు, దాంతో మొత్తం చాబీల గుత్తి కొట్టేయొచ్చు. మైక్రోసాఫ్ట్ జూలై 6న హడావిడిగా మరమ్మతు విడుదల చేసింది. జూలై 13న అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తమ ప్రభుత్వ ఆఫీసులన్నింటికీ హుకుం జారీ చేసింది, డొమైన్ కంట్రోలర్లన్నింటిలో స్పూలర్ ఆపేయండి అని.

ఇది మొదటిసారి కూడా కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ స్పూలర్ లోపం ఒకటి. పదకొండేళ్ల తర్వాత మళ్లీ అదే సర్వీస్. ప్రింటర్ అసలు లేని గదిలో ప్రింటర్ దర్వాజా నుంచి దొంగ వచ్చాడు. ఆ సర్వీస్‌ను ముందే తీసేసి పెట్టుకున్న మెషీన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టింది.

మైక్రోసాఫ్ట్‌నే అంటున్నానని లినక్స్ వాళ్లు మీసం తిప్పక్కర్లేదు. ఉబుంటు సంగతి చూద్దాం. 2004లో మొదలైనప్పుడు ఈ కంపెనీ సీడీలు ముఫ్త్‌గా, తపాలా ఖర్చు కూడా పెట్టుకుని ప్రపంచమంతా పంపేది. ఆ మంచితనాన్ని మర్చిపోవడం ఇన్సాఫ్ కాదు. కానీ ఉబుంటు సర్వర్‌లో లాగిన్ అవగానే తెర మీద నాలుగు మాటలు కనిపిస్తాయి. అందులో వార్తల ముక్క ఒకటి కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. 2017లో ఒకరోజు అక్కడ ఒక అమెరికా టీవీ సీరియల్ కోసం తయారైన యాప్ గురించిన లింకు కనిపించింది. అది ఇష్తెహార్ కాదని కంపెనీ వివరణ. ఆ ముక్కను తెచ్చుకునేటప్పుడు మీ మెషీన్ ప్రాసెసర్ ఏది, ఎంతసేపటి నుంచి నడుస్తోంది లాంటి వివరాలు కూడా అవతలికి వెళతాయి. 2022లో అప్‌డేట్ కోసం ఆదేశం ఇచ్చినప్పుడల్లా ఉబుంటు ప్రో గురించి చెప్పే వాక్యాలు రావడం మొదలైంది. సొంత వాడకానికి అయిదు మెషీన్ల దాకా ప్రో ముఫ్తే. అయినా చికాకు పడ్డవాళ్లు దాన్ని తీసేద్దామని చూస్తే, ఆ ప్యాకేజీని ఉబుంటు కనీస ప్యాకేజీల గుంపుతో ముడేశారు. దీన్ని లాగితే అదీ కదులుతుంది.

స్నాప్ సంగతి మరీ పొడుగు. ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సిన సరంజామా అంతటితో ఒక పెట్టెలో పెట్టి ఇచ్చే పద్ధతి అది. పెట్టెలు రోజుకు నాలుగుసార్లు కొత్త వెర్షన్ ఉందేమో చూసుకుని తమంతట తామే మారిపోతాయి. చాలాకాలం దాన్ని వాయిదా వేయొచ్చు గానీ పూర్తిగా ఆపే దారి సూటిగా ఉండేది కాదు. 2022లో గానీ మియాద్ లేకుండా ఆపే వీలు ఇవ్వలేదు. స్నాప్‌ల దుకాణం ఒక్కటే, దాని మాలిక్ కెనానికల్ ఒక్కటే. నాకు బాధనిపించిన సంగతి వేరే ఉంది. 2019 నుంచి ఉబుంటులో పాత పద్ధతిలో క్రోమియం బ్రౌజర్ అడిగితే పాత పేరు వెనక నుంచి స్నాప్ వచ్చి కూర్చుంటుంది. మీరు దుకాణంలో గోధుమ పిండి అడిగారు, పొట్లం మీదా అదే రాసి ఉంది, విప్పితే మైదా. మైదా చెడ్డదా? ఆ మాట వేరు. నేను అడిగింది అది కాదు కదా. ఉబుంటు మీదే కట్టుకున్న లినక్స్ మింట్ వాళ్లు 2020లో ఈ కారణంగానే తమ సిస్టమ్‌లో స్నాప్ దానంతటదే రాకుండా అడ్డుకట్ట వేశారు.

అవతలి వాళ్ల దలీల్ కూడా వినాలి. తమంతట తామే అప్‌డేట్ కాకపోతే బద్ధకస్తుల సర్వర్లు ఏళ్ల తరబడి కన్నాలతో పడి ఉంటాయి అంటారు. నిజమే. ముందే అన్నీ పెట్టి ఇస్తే తెలియనివాళ్లకు సులువు అంటారు. ఇదీ నిజమే. ఐరోపా కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జుర్మానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలని ఫైసలా ఇచ్చింది. ఆ విండోస్ వచ్చింది, అదే ధరకు పెట్టారు, కొన్నవాళ్లు లేరన్నంత తక్కువ. జనానికి ఖాళీ ఇల్లు అక్కర్లేదు, సామాన్ ఉన్న ఇల్లే కావాలి అనడానికి దీన్ని సబూత్‌గా చూపిస్తారు.

నేను ఒప్పుకోను. రెండింటికీ ఒకే ధర పెడితే తక్కువ సామాన్ ఉన్నదాన్ని ఎవరు కొంటారు? పైగా నేను ఖాళీ ఇల్లు అడగడం లేదు. పెట్టింది తీసేసుకునే హక్కు అడుగుతున్నాను. తీయడం కుదరదు అనే మాట ఎంతవరకు నమ్మాలో 1998లోనే తేలింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్ నుంచి విడదీయలేం అని మైక్రోసాఫ్ట్ అమెరికా అదాలత్‌లో వాదిస్తే, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ దాన్ని తొలగించే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి గవాహీ ఇచ్చారు. విండోస్ సర్వర్ 2012లో డెస్క్‌టాప్ తీసేసి బోసి సర్వర్‌గా, సర్వర్ కోర్ అంటారు, మార్చుకునే వీలుండేది. మళ్లీ వెనక్కీ రావచ్చు. 2016లో ఆ వీలు తీసేశారు. ఇప్పుడు ఏది కావాలో మొదట్లోనే తేల్చుకోవాలి. మనసు మారితే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్. ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకోవడానికి ఇంతకన్నా మంచి మిసాల్ నాకు తెలియదు.

ఇది చదివి జోష్‌లో మన కుర్రాళ్లు చెత్త తీసేసే స్క్రిప్ట్ అని ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని రూట్ అధికారంతో నడిపేస్తారేమో, అది ఇంకా ఖతర్నాక్. కంపెనీ పెట్టిన సామాన్‌ను ఏరిపారేయడానికి పేరు తెలియని మనిషికి ఇంటి చాబీ ఇవ్వడం ఏం అక్ల్? నిదానంగా చేయాలి. ముందు ఏ పోర్టులు తెరిచి ఉన్నాయి, ఏది వింటోంది అని చూడాలి. తీసేసే ఆదేశం ఇచ్చే ముందు ఆప్ట్‌లో ఉత్తుత్తి ఆదేశం ఇచ్చి చూసే వీలుంది. దీంతోపాటు ఇంకా ఏమేం పోతాయో ఫెహ్రిస్త్ చూపిస్తుంది. ఉబుంటులో అనవసరం అనుకుని పైథాన్‌ను తీసేస్తే నెట్‌వర్క్ అమర్చే ప్రోగ్రామ్ కూడా వెంట పోవచ్చు, సర్వర్ దూరంగా ఎక్కడో ఉంటే ఇక సలామ్ చెప్పడమే. క్లౌడ్-ఇనిట్‌ను తీయక్కర్లేదు, ఒక ఖాళీ ఫైలు పెట్టి నిద్రపుచ్చొచ్చు. స్నాప్ వద్దనుకుంటే ముందు లోపలి పెట్టెలు ఒక్కొక్కటిగా తీసి, చివర్లో స్నాప్‌డీని తీసి, మళ్లీ రాకుండా ఆప్ట్ ప్రిఫరెన్సుల్లో దాని ప్రాధాన్యం సున్నాకన్నా కిందికి దించాలి. ఆ ఆఖరి పని చేయకపోతే ఇంకేదో ప్రోగ్రామ్ చేయి పట్టుకుని తిరిగి వచ్చేస్తుంది.

అసలు ఇంత తతంగం ఎందుకు? డెబియన్ ఇన్‌స్టాలర్ చూడండి. చివర్లో ఒక తెర వస్తుంది, చిన్న చిన్న గళ్లు. డెస్క్‌టాప్ కావాలా, వెబ్ సర్వర్ కావాలా, ఎస్ఎస్‌హెచ్ కావాలా? వద్దన్నదాని గడిలో టిక్కు తీసేస్తే అది రాదు. ఒక్క తెర, అర నిమిషం. కోట్ల ఆదాయం ఉన్న కంపెనీలకు ఆ ఒక్క తెర భారం అంటే నేను నమ్మను. భారం టిక్కు పెట్టే గడి కాదు, టిక్కు తీసేసేవాళ్ల సంఖ్య.

మేము ఆ నిఘా ప్రోగ్రామ్ గురించి కిరాయి కంపెనీకి ఉత్తరం రాశాం. అది తీసుకెళ్తున్న వివరాలు ఏమిటి, ఎక్కడ ఎన్ని రోజులు ఉంచుతారు, వద్దంటే ఏం చేయాలి అని మూడు సవాళ్లు. మీ భద్రత కోసమే అని ఒక్క లైను జవాబు వచ్చింది, ఒక్క సవాల్‌కూ జవాబు లేదు. ఈ నెలాఖరుకు కిరాయా గడువు అయిపోతుంది. సామాన్ సర్దుకుంటున్నాం.