నెగెటివ్ అంటే లేదనే అర్థం

హెచ్‌ఐవీ పరీక్షలో ఎన్నిసార్లు నెగెటివ్ వచ్చినా, ‘నీరసం తగ్గలేదు, నాలుకపై తెల్లపూత పోలేదు, మెడలో బిళ్లలు తగులుతున్నాయి, మరోసారి చేయించుకోమంటారా?’ అని అడిగేవారు నేటికీ ఉన్నారు. వారిని నేను నిందించను. వారి భయాన్ని పెట్టుబడిగా మార్చుకున్నవారిని నిందించక తప్పదు.

మొదట శాస్త్రం సంగతి. వైరస్ శరీరంలో ప్రవేశించిన వెంటనే పరీక్షకు చిక్కదు. ఆ వ్యవధినే విండో పీరియడ్ అంటాము. సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష పి24 యాంటిజెన్‌నూ, యాంటీబాడీలనూ కలిపి వెదకుతుంది. దానికి 45 రోజుల గడువు చాలు. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు 90 రోజులు. మధ్యలో మళ్లీ ప్రమాదకర సంపర్కం లేకుంటే, ఆ గడువు దాటాక వచ్చిన నెగెటివే తుది తీర్పు. ముందుజాగ్రత్తగా హెచ్‌ఐవీ నివారణ మందులు వాడినవారు మాత్రం గడువును వైద్యుని అడిగి లెక్కించుకోవాలి.

ఈ మాట చెప్పి పంపితే సరిపోయే చోట సీడీ4 పరీక్ష రాసేవారున్నారు. సీడీ4 హెచ్‌ఐవీ నిర్ధారణ పరీక్ష కానే కాదు. ఇతర వ్యాధుల్లోనూ ఆ సంఖ్య తగ్గుతుంది. తగ్గిన అంకె చూసి రోగి మరింత కుంగిపోతాడు, ల్యాబ్‌కు మరో బిల్లు వస్తుంది. రోగనిరోధక శక్తి పెంచుతామని చూర్ణాలు అమ్మేవారిదీ ఇదే వ్యాపారం. ‘చేసిన పాపం ఊరికే పోతుందా’ అని నీతులు వల్లించేవారు ఆ వ్యాపారానికి ఉచిత ప్రచారకులు. రక్తపరీక్షకు పాపపుణ్యాలు తెలియవు.

‘నీకేమీ లేదు, పో’ అని కసిరి పంపే వైద్యులనూ నేను సమర్థించను. హెచ్‌ఐవీ లేదన్నంత మాత్రాన బాధ లేదని కాదు. నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం కారణం కావచ్చు. అరికాళ్ల మంటలకు బి12 లోపం కావచ్చు. మెడ బిళ్లలు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం కలిస్తే క్షయ కోసం వెదకాలి. గుండెదడ, నిద్రలేమి ఆందోళన వల్ల కలిగినా అవి నిజమైన బాధలే, వాటికి నిజమైన చికిత్స ఉంది.

‘మరోసారి చూసుకుంటే తప్పేమిటి?’ అంటారు. తప్పుంది. లేని జబ్బును వెదికే కాలంలో ఉన్న జబ్బు ముదురుతుంది. పెళ్లిళ్లు వాయిదా పడతాయి, భార్యాభర్తల మధ్య కారణం చెప్పలేని దూరం పెరుగుతుంది. కొందరు ప్రాణం తీసుకునే ఆలోచన వరకూ వెళతారు.

సందేహముంటే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ కేంద్రానికి వెళ్లండి. పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యం. గడువు దాటాక నెగెటివ్ వస్తే ఆ కాగితాన్ని భద్రపరచి, మిగిలిన లక్షణాలతో జనరల్ మెడిసిన్ వైద్యుని కలవండి. ఆందోళన అదుపు తప్పితే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. మీకిక కావలసింది మరో హెచ్‌ఐవీ పరీక్ష కాదు, సరైన వైద్యం.