పార్టు బండికి.. బిల్లు మెకానిక్‌కు!

చిక్కడపల్లి: అశోక్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రాళ్ళలో చాలామంది ఊళ్ళ నుంచి వచ్చినవారే. కొందరి వెంట ఇంటి బండి కూడా వచ్చింది. బ్యాటరీ దిగిపోయినా, చైను సెట్టు అరిగినా చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో మెకానిక్ దగ్గర ఆపి కొత్తది వేయించుకుంటారు. పండక్కి ఊరికి పోయాక ఆ కొత్తది కాస్తా మొరాయిస్తే చిక్కొచ్చి పడుతుంది. దుకాణం హైదరాబాదులో, బండి ఊళ్ళో. బిల్లు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

పాడైన విడిభాగాన్ని దుకాణదారు మార్చి ఇవ్వడం లేదన్నది పాత ఫిర్యాదే. దుకాణదారును తిట్టడం తేలిక. కాని కాస్త లోతుకు వెళితే, తగాదాలో ఎవరు ఓడతారో చాలాసార్లు కొన్న రోజే తేలిపోయి ఉంటుంది.

ఎలాగంటే, పార్టు కొన్నది బండి యజమాని కాదు. "మీరు కూర్చోండన్నా, నేను తెస్తా" అని మెకానిక్ వెళ్ళి తెస్తాడు. రోజూ వచ్చే గిరాకీ గనుక దుకాణదారు అతనికి ధర కొంత తగ్గిస్తాడు. ఆ తగ్గింపు మెకానిక్‌కు మిగులుతుంది. ఇందులో పెద్ద మోసమేమీ లేదు, ఈ వ్యాపారం నడిచే తీరే అది. అయితే బిల్లు రాస్తే అతని పేరున రాస్తారు, లేదంటే చీటీ మీద ఒక అంకె వేసి ఇస్తారు. కొత్త పార్టు వచ్చిన అట్టపెట్టె షెడ్డులోనే చెత్తబుట్టలో పడుతుంది. కంపెనీ పేరు, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోను నంబరు దాని మీదే ఉంటాయి. నెల తిరక్కముందే పార్టు పోతే యజమాని చేతిలో చూపించడానికి ఒక్క కాగితం ముక్క ఉండదు.

అచ్చు వేసినంత మాత్రాన..

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేయడం దుకాణాలకు అలవాటు. దాన్ని చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. ఆ మాటకు చట్టంలో అంత బలం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టం చెబుతుంది. బిల్లులో గడువే లేకపోతే 30 రోజులు లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద తప్పే. జీఎస్టీ కింద నమోదైన దుకాణమైతే 200 రూపాయలు, ఆపైన అమ్మకానికి మనం అడగకపోయినా బిల్లు ఇవ్వాలి.

అలాగని పోయిన ప్రతి పార్టూ లోపమున్న పార్టు కాదు. బ్రేకు షూలు, క్లచ్చి ప్లేట్లు అరగడానికే పుట్టాయి. టైరుకు హామీ అంటే తయారీలో లోపానికే. రాయి తగిలి కోసుకున్నా, గాలి లేకుండా తోలి పాడు చేసినా కంపెనీ ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఎంత అరిగిందో కొలిచి, వాడుకున్న మేరకు మినహాయించే ఇస్తుంది. బ్యాటరీల్లోనూ ఇదే కిటుకు. హామీ ఇన్ని నెలలని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో మొదటి కొన్ని నెలలే ఉచితంగా మార్చడం, మిగతా నెలలకు కొత్త బ్యాటరీ ధరలో కొంత తగ్గింపు మాత్రమే. ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేటప్పుడే "ఉచితంగా ఎన్ని నెలలు?" అని అడిగితే సరిపోతుంది. బిగింపు కూలి సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మార్చి ఇచ్చే దుకాణదారు పార్టు ఇస్తాడే గాని, రెండోసారి బిగించిన మెకానిక్ కూలి ఎవరూ ఇవ్వరు.

తేదీ విషయంలోనూ జాగ్రత్త పడాలి. టైరు పక్కభాగం మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. ఏళ్ళ తరబడి దుకాణంలో మగ్గిన సరుకును కొత్తదని అంటగడితే ఇక్కడే పట్టుకోవచ్చు.

కంపెనీ షోరూములు చెప్పే మాట ఇంకొకటి ఉంది. బయట మెకానిక్ చేయి పెడితే బండి హామీ మొత్తం పోయినట్టేనట. కార్ల విడిభాగాలను బయటి మార్కెట్టుకు అందకుండా చేశారని 14 కంపెనీలకు 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన హామీ అంతా రద్దు చేస్తామనే గంపగుత్త షరతు పెట్టరాదని కూడా ఆ ఉత్తర్వులో చెప్పింది. తరువాత అప్పీళ్ళు నడిచాయి, కొన్ని కంపెనీలకు జరిమానా తగ్గింది కూడా. అది కార్ల గొడవే కావచ్చు. అయినా షోరూము చెప్పే ప్రతి మాటా చట్టం కాదని తెలుసుకోవడానికి అది చాలు.

హైదరాబాదుకు తిరగనక్కర లేదు

ఊరివారికి చాలామందికి తెలియని సంగతి ఇది. 1986 నాటి పాత చట్టం ప్రకారం దుకాణం ఉన్నచోటో, కొనుగోలు జరిగినచోటో కేసు వేయాల్సి వచ్చేది. వెయ్యి రూపాయల పార్టు కోసం వాయిదా వాయిదాకు బస్సు చార్జీలు పెట్టుకుని హైదరాబాదు వెళ్ళేదెవరు? కొత్త చట్టంతో ఈ బాధ తప్పింది. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. నారాయణగూడలో కొన్న బ్యాటరీ మీద నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 5 లక్షల రూపాయల వరకు కొన్న సరుకుకు ఫీజు లేదు. వకీలును పెట్టుకోక తప్పదనే నియమమూ లేదు. లోపం బయటపడ్డాక రెండేళ్ళలోగా వేయాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

మూడు నెలల్లో తేల్చాలని, పరీక్షకు పంపాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆ గడువులోగానే తీర్పు వస్తుందని మాత్రం ఎవరూ లెక్క వేసుకోకూడదు. పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాల్సి రావచ్చు. అందుకే చిన్న మొత్తాలకు ముందు 1915కు ఫోను చేయడం మేలు. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చాలా తగాదాలు కంపెనీకి వెళ్ళే ఆ ఒక్క కబురుతోనే సర్దుబాటు కావచ్చు.

ట్రాక్టరు, ఆటో నడుపుకునేవారికి మరో అనుమానం ఉంటుంది. వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారు కదా అని ఎదుటి పక్షం వాదిస్తుంది. స్వయంగా నడుపుకుని పొట్ట పోసుకోవడానికి కొన్నవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లోనే వివరించింది.

పోతే, ఇవన్నీ అక్కరకు రావాలంటే కాగితం ఉండాలి. మెకానిక్ తెచ్చినా సరే, బిల్లు బండి యజమాని పేరున, బండి నంబరుతో రాయించమనాలి. తగ్గింపు అతనే ఉంచుకోనీ, బిల్లు మాత్రం మన చేతికి రావాలి. "బిల్లు లేకపోతే పన్ను తగ్గుతుంది" అంటే ఆశపడకూడదు. విడిభాగాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. ట్రాక్టరు టైర్లు, కొన్ని ట్రాక్టరు భాగాల మీదైతే 5 శాతమే. ప్యాకెట్టు మీద అచ్చయిన గరిష్ట ధరలో ఆ పన్ను కలిసే ఉంటుంది.

పాడైన పార్టును దుకాణంలో అప్పగించేటప్పుడు కూడా ఊరికే ఇచ్చి రాకూడదు. "కంపెనీకి పంపుతాం, వారం తర్వాత రండి" అంటారు. పార్టు మీది నంబరు, తేదీ, దుకాణం ముద్రతో చీటీ రాయించుకోవాలి. ఇవ్వనంటే అక్కడే ఫోనుతో పార్టునూ బోర్డునూ ఒకే ఫొటోలో తీసుకుని, పార్టు అప్పగించకుండా వెనక్కి తెచ్చుకోవాలి.