పన్ను వచ్చింది, ప్రశ్నించే హక్కు రాలేదు

సౌదీ అరేబియాలో పాలకులకూ ప్రజలకూ మధ్య ఎంతోకాలం ఒక రాయని ఒప్పందం నడిచింది. చమురు డబ్బుతో ప్రభుత్వం ఉద్యోగాలు, రాయితీలు ఇస్తుంది, పన్ను అడగదు. ప్రజలు అధికారంలో వాటా అడగరు. 2014లో చమురు ధర పడిపోవడంతో ఆ లెక్క తప్పింది. 2016లో 'విజన్ 2030' ప్రకటించారు. 2018లో 5 శాతంతో వచ్చిన విలువ ఆధారిత పన్ను 2020లో 15 శాతమైంది.

మార్పులో మేలు లేదని మేము అనడం లేదు. 2018 జూన్‌లో స్త్రీలకు కారు నడిపే హక్కు దక్కింది. అయితే దానికోసం పోరాడిన కొందరు స్త్రీలను అంతకు నెల ముందే అరెస్టు చేశారు. ప్రజలు ఎన్నుకున్న చట్టసభ నేటికీ లేదు.

అడిగే హక్కు అసలే లేని పరదేశులపైనా భారం పడింది. వారితో ఉండే ఒక్కో కుటుంబసభ్యునికి 2017లో నెలకు 100 రియాళ్లుగా మొదలైన రుసుము 2020కి 400 అయింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించిన 2021 సంస్కరణ ఇంటి పనివారికి వర్తించలేదు. గోదావరి, కడప జిల్లాల నుండి గల్ఫ్ వెళ్లే మన అక్కచెల్లెళ్లు ఎందరో చేసేది ఆ పనే.

వారి కొరకు ప్రార్థిస్తున్న మనం, వారికీ సమాన రక్షణ కోరమని మన ఎంపీలను, ప్రభుత్వాన్ని కూడా అడగాలి.