తూనికరాయి సరియైనదేనా?

బియ్యం తూచే ముందు తూనికరాయిని సరిచూచుకొనడం వర్తకధర్మం. ప్రవేశపరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు మాత్రం ఈ జాగ్రత్తను తరచు విస్మరిస్తారు. నమూనా పరీక్షలో మార్కులు తగ్గితే తమ శక్తి సన్నగిల్లిందని క్రుంగిపోతారు. పెరిగితే సీటు చేతికి చిక్కిందని పొంగిపోతారు. మారినది తమ శక్తియా, ప్రశ్నపత్రపు కాఠిన్యమా అని విచారించేవారు అరుదు.

అండమాన్ నికోబార్ దీవులలో ఉండి న్యాయవిద్యను కోరే విద్యార్థికి ఈ చిక్కు మరింత పెద్దది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనసంఖ్య సుమారు 3.8 లక్షలు, వారిలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుండి బ్రతుకుతెరువు కోసం సముద్రం దాటిన కుటుంబాలు వీరిలో అనేకం. 2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి కొలువుతీరుతుంది. కనుక నల్లకోటు అక్కడి యువతకు అపరిచితం కాదు. అయితే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదవాలంటే హైదరాబాదులోని నల్సార్‌కో, విశాఖపట్నానికో, కలకత్తాకో, మరొక నగరానికో తరలివెళ్లక తప్పదు. వీటి ప్రవేశానికి ద్వారం ‘క్లాట్’ పరీక్ష.

2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భపు కేబుల్ ప్రారంభమయ్యే వరకు దీవులకు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల ద్వారానే అందేది. నేడు నమూనా ప్రశ్నపత్రం ఇంటికే చేరుతున్నది. కాని దాని విలువ చెప్పే తోడు చేరడం లేదు. మహానగరాల శిక్షణాలయంలో వందమంది ఒకే పత్రం వ్రాస్తారు. అందరికీ మార్కులు తగ్గితే పత్రం కఠినమని సాయంత్రానికి తేలిపోతుంది. ఒంటరిగా వ్రాసినవారికి ఆ సంగతి చెప్పేదెవరు?

పరీక్షాశాస్త్రంలో ప్రశ్న కాఠిన్యానికి సులభమైన కొలత ఒకటున్నది: వ్రాసినవారిలో ఎంతమంది సరిగా జవాబిచ్చారన్నది. నూరుమందిలో ఎనభైమంది సాధిస్తే ప్రశ్న తేలిక. ఇరవైమందే సాధిస్తే కఠినం. అయితే ఆ నూరుమంది ఎవరన్నదానిపై ఈ కొలత ఆధారపడి ఉంటుంది. నమూనా పరీక్ష నిర్వాహకులు ప్రకటించే స్థానాలు సైతం ఆ పరీక్ష వ్రాసినవారి నడుమనే వర్తిస్తాయి గాని, దేశమంతటికీ కాదు.

కఠినమైన ప్రశ్న వేరు, లోపభూయిష్ఠమైన ప్రశ్న వేరు. జవాబు చూచిన పిమ్మట ‘ఔను, ఇది నాకు తట్టవలసినది’ అనిపించేది కఠినమైనది. వివరణ చదివిన పిమ్మట కూడా రెండు జవాబులు సమానంగా నిలిచేది లోపమున్నది. మొదటి దానివల్ల పాఠం నేర్చుకొనవచ్చు. రెండవ దానిని లెక్కనుండి తొలగించవలె.

సరియైన తూనికరాయి అసలు పరీక్ష పాత ప్రశ్నపత్రమే. అందులోనూ కాలం చూడాలి. 2019 వరకు క్లాట్‌లో 200 చిన్న ప్రశ్నలుండేవి. 2020లో దీర్ఘభాగాన్ని చదివించి అడిగే పద్ధతి ప్రవేశించి, ప్రశ్నలు 150కి తగ్గాయి. 2024 ప్రవేశాల నాటికి 120 అయ్యాయి. వ్యవధి మాత్రం రెండు గంటలే. ప్రశ్నకు 48 సెకన్లున్న పత్రాన్ని, 60 సెకన్లున్న పత్రంతో ఒకే తక్కెడలో ఉంచరాదు.

యాదృచ్ఛికతకు గల పాత్ర కూడా గ్రహించదగినది. సరియైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. పదింటిలో ఏడు ప్రశ్నలు సాధించగల విద్యార్థి 120 ప్రశ్నలూ వ్రాస్తే సగటున 84 ఒప్పులు, 36 తప్పులు. వచ్చే మార్కులు 75. కాని ఆ విద్యార్థికే, ఆ శక్తితోనే, ఒకనాడు 69, మరొకనాడు 81 రావడంలో వింత లేదు. ప్రశ్నల ఎంపికలోని అదృష్టం వల్లనే ఆరు మార్కుల ఊగిసలాట సహజం. కావున ఒక్క పరీక్షను చూచి నిర్ణయానికి రావడం తొందరపాటు.

మేలైన మార్గం ఇది. ఇటీవలి అసలు పత్రాలు మూడు, నమూనా పత్రాలు మూడు, ఒకదాని తరువాత ఒకటిగా కలిపి, కొద్ది వారాలలో, నియమిత కాలంలో వ్రాయాలి. రెంటి సగటులు వేరువేరుగా తీయాలి. అసలు పత్రాలలో 70, నమూనా పత్రాలలో 58 వస్తే, ఆ నమూనాలు ఆ విద్యార్థికి సుమారు పన్నెండు మార్కులు కఠినమని భావించవచ్చు. రెండు మూడు మార్కుల తేడా అయితే పట్టించుకొననక్కరలేదు. ఇటీవలి సంవత్సరాలలో క్లాట్ డిసెంబరు నెలలో మధ్యాహ్నం రెండు నుండి నాలుగు గంటల వరకు జరుగుతున్నది. ఆ మాసంలో దీవులలో ఐదు గంటల వేళకే పొద్దు గుంకుతుంది. అభ్యాసం కూడా ఆ మధ్యాహ్నపు వేళలోనే సాగడం మంచిది. రాత్రి నిద్రమత్తులో వచ్చిన మార్కులు పత్రపు కాఠిన్యాన్ని చెప్పవు.

అమెరికాలో 1948 నుండి జరుగుతున్న ‘ఎల్‌శాట్’ న్యాయవిద్యా ప్రవేశపరీక్షలో మార్కులను 120 నుండి 180 వరకు గల కొలమానంలోకి మారుస్తారు. ఒక పత్రం కఠినమైతే, తక్కువ ఒప్పులకే అదే అంకె లభిస్తుంది. క్లాట్‌లో అటువంటి మార్పిడి లేదు. అవసరమూ అంతగా లేదు. ఒకే దినాన అందరూ ఒకే పత్రం వ్రాస్తారు. కఠినమైతే అది అందరికీ కఠినమే. సీటు నిర్ణయించేది మార్కుల అంకె కాదు, వరుసలో స్థానం.

ఈ వివేకం లేనందువల్ల కలిగే నష్టం స్వల్పం కాదు. అతికఠినమైన నాసిరకపు పత్రాలు నాలుగు వ్రాసి, ‘ఈ చదువు మన వంటివారికి కాదు’ అని దరఖాస్తు మానుకొన్న విద్యార్థి, పరీక్షలో ఓడినవాడు కాడు. పరీక్ష వ్రాయకుండానే ఓడినవాడు. అతితేలిక పత్రాలతో తృప్తిపడినవారు పరీక్షనాడు మేల్కొంటారు. ఉభయులనూ మోసగించినది వారి తెలివి కాదు, తూనికరాయి. దానిని ముందుగా సరిచూచుకొన్న విద్యార్థికి, ఏ దీవిలో కూర్చుని చదివినా, తన బరువెంతో తెలుస్తుంది.