మీ చిత్తం, నా భాగ్యం

వెనకటి రోజుల్లో పెద్దల మాటకు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు ‘చిత్తం’ అనేవారు. దివాణంలో గుమాస్తా అదే మాట అన్నాడు, గురువుగారి ముందు శిష్యుడూ అదే అన్నాడు. వినయం కాస్త ఎక్కువైతే ‘తమ చిత్తం, నా భాగ్యం’ అన్నారు. చిత్తమంటే మనస్సు. ‘తమ మనస్సులో ఏమున్నదో అదే కానివ్వండి’ అని దాని భావం. తెలుగు బైబిలులో దేవుని సంకల్పానికి వాడిన మాట కూడా ఇదే. ఎవరు ఏరారో కాని మంచి మాట ఏరారు. ఆయన కోరేదానికీ అదే మాట, దానికి మనం చెప్పవలసిన జవాబుకూ అదే మాట!

అయితే అది నోటికి వచ్చినంత తేలికగా మనస్సుకు రాదు. అమ్మాయికి ఏ సంబంధం చెయ్యాలో, అబ్బాయిని ఏ చదువులో పెట్టాలో ముందే నిశ్చయించుకుంటాము. ఆ తరువాత మోకాళ్ళూని ‘ప్రభూ, నీ చిత్తమేమిటో తెలియజెయ్యి’ అంటాము. ఇది అడగడమా? దరఖాస్తు మనమే రాసి, సంతకానికి పట్టుకువెళ్ళడం. సంతకం పడితే దేవుడు విన్నాడంటాము. పడకపోతే పలకలేదంటాము. ‘వద్దు’ అన్నది కూడా పలకడమే అని మనకు తోచదు.

ఇంకొందరున్నారు. అన్ని దారులూ మూసుకుపోయిన తరువాత ‘అంతా ఆయన ఇష్టం’ అని నిట్టూరుస్తారు. అది విశ్వాసం కాదు, అలసట. జీతం పెరిగిన నాడు ఆ మాట అన్నవారిని మీరెప్పుడైనా చూశారా?

దేవుని చిత్తం తెలుసుకోవడమంటే ఏమిటో చూడడానికి ఎక్కడికో పోనక్కరలేదు. మన ఒంగోలు కథ చాలు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో మొదలయింది. పదమూడేళ్ళు గడిచినా చేరినవారు బహు కొద్దిమంది. దీన్ని మూసివేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. కొండ దిగి ఎవరి పనికి వారు వెళ్ళారు. అడిగిన మనిషి వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. నడుమ పన్నెండేళ్ళు!

ఆ వచ్చినవాడు జాన్ క్లౌ. అమెరికాలో కొంతకాలం భూములు సర్వే చేసిన మనిషి. ఒంగోలులో అగ్రవర్ణాల వారు కొందరు ఆయన మాటలు శ్రద్ధగా వింటున్నారు. ఇంతలో పల్లెల నుంచి మాదిగ కుటుంబాలు క్రీస్తును నమ్మి వస్తామన్నాయి. ‘వాళ్ళను చేర్చుకుంటే మేము రాము’ అన్నారు పెద్దకులాలవారు. లౌకికంగా చూస్తే ఏమి చెయ్యాలో చిన్నపిల్లవాడైనా చెబుతాడు. చదువూ పలుకుబడీ ఉన్నవారిని పోగొట్టుకుంటారా ఎవరైనా?

క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకొక గదిలో, ఒకరికొకరు చెప్పుకోకుండా బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే చోటు కనిపించింది: కొరింథీయులకు పౌలు రాసిన మొదటి లేఖలో మొదటి అధ్యాయం. దేవుడు పిలిచినవారిలో గొప్ప వంశాలవారు ఎక్కువమంది లేరనీ, లోకం తీసిపారేసినవారినే ఆయన ఎన్నుకున్నాడనీ చెప్పే భాగం అది. క్లౌ దంపతులు పల్లెలవారినే చేర్చుకున్నారు.

కాబట్టి కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టి చూడండి అని నేను చెప్పడం లేదు. అది శకునం చూడడమవుతుంది. ఆ పుట ఎట్లా దొరికిందన్నది ముఖ్యం కాదు. దొరికిన మాట తమకు నష్టం తెచ్చేదని తెలిసి కూడా వారు దానికి ‘చిత్తం’ అన్నారు. అదీ గమనించవలసింది.

1876–78లో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలమంది చనిపోయారు. ‘అంతా దైవేచ్ఛ’ అని క్లౌ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చి తవ్వించాడు. పాత సర్వే విద్య అక్కరకు వచ్చింది. విశ్రాంతి వేళల్లో బోధకులు వారికి క్రీస్తును గురించి చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారో, దేవుని కోసం వచ్చారో ఆ కరువులో తేల్చేదెవరు? అడిగేవారికే తెలియకపోవచ్చు. ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పంట కళ్ళాని కొస్తే వద్దని ఆగడం మాటలా?

కరువు పని ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఈ అంకెను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి ముందున్న సున్న ఇంకా గొప్పదిగా కనిపిస్తుంది. రేపు ఈ జనం మిగులుతారో లేదో తెలియకుండానే ఆ మనిషి ఆగాడు. పూర్తిగా నమ్మడమంటే అదే.

అందరికీ ఇటువంటి ఫలితం కంటికి కనిపించదు. గెత్సేమనే తోటలో యేసు ఆ గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలని అడిగాడు. అది తొలగలేదు. జబ్బుపడ్డ బిడ్డ మంచం పక్కన కూర్చున్న తల్లితో ‘నీ చిత్తం, నా భాగ్యం అనమ్మా’ అని చెప్పే ధైర్యం నాకు లేదు. అడగమ్మా, ఏడ్చి అడుగు అనే చెబుతాను. యేసు కూడా అడిగాడు కదా! అడగడం అవిశ్వాసం కాదు. అడిగిన తరువాత కూడా ఆయన చెయ్యి విడవకపోవడమే విశ్వాసం. ఆ మాట ఆమె ఎప్పుడు అనగలదో ఆమెకూ ఆయనకూ తెలుసు. మనం తొందరపెట్టకూడదు.

మిగిలిన విషయాల్లో, అంటే ఉద్యోగాలు, సంబంధాలు, ఇళ్ళు, పొలాల దగ్గర మనకు ఆ మినహాయింపు లేదు. గ్రంథం చదువుదాం, ప్రార్థన చేద్దాం, మన మంచి కోరే పెద్దలను సలహా అడుగుదాం. వీటన్నిటికంటె ముందు మనల్ని మనం ఒక ప్రశ్న అడుగుదాం: ఆయన వద్దంటే నేను మానుకోగలనా? మానుకోలేనంటే ఆ సంగతే ముందు ఆయనకు చెప్పుకోవడం మంచిది. దరఖాస్తు తరువాత రాసుకోవచ్చు.