తూటాకు పూసిన కొవ్వు

1857 నాటి సంగ్రామ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పక వినబడుతుంది. "ఏముంది, తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని ఒక పుకారు పుట్టింది. మూఢవిశ్వాసం గల సిపాయిలు దానిని నమ్మి తిరగబడ్డారు" అని. బాగా చదువుకున్నవారు సైతం ఈ మాటను చిరునవ్వుతో పలుకుతారు. ముప్పది ఏండ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాడిని గనుక ఆ చిరునవ్వు జన్మస్థానం నాకు తెలుసు. పాఠంలోని 'పుకారు' అనే ఆ ఒక్క పదమే దానికి తల్లి. నా తగవంతా ఆ పదంతోనే.

ముందుగా వస్తుతత్త్వం చూద్దాం. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి గొట్టం లోపలి తలం పాత తుపాకులవలె నున్నన కాదు. మెలిక తిరిగిన మూడు గాళ్లు దానిలో ఉంటాయి. గుండు ఆ గాళ్లను పట్టుకొని గిరగిర తిరుగుతూ వెలువడుతుంది గనుక దూరపు గురి తప్పదు. అయితే గంధకం, బొగ్గు, సురేకారం కలిసిన ఆ నాటి తుపాకిమందు కాలిన ప్రతిసారీ గొట్టంలో దట్టంగా మసి పేరుస్తుంది. నాలుగు మార్లు పేల్చేసరికి గుండు లోనికి దిగడం కష్టమవుతుంది. అందువలన గుండు ఉన్న కొనవైపు కాగితానికి కందెన పూయవలసి వచ్చింది. బండి ఇరుసుకు కందెన ఎంత అవసరమో ఆ తుపాకికీ అంతే అవసరం. ఇందులో ఎవరికీ వివాదం లేదు.

వివాదమంతా ఏ కందెన అన్నదే. కందెనగా పనికివచ్చే పదార్థం లోకంలో ఒక్కటే కాదు. తేనెమైనం ఉంది, గింజల నూనెలు ఉన్నాయి, నెయ్యి ఉంది. సీమలో జంతువుల కొవ్వు చౌక, సులభం. అక్కడి సైనికునికి దానితో పేచీ లేదు. కనుక అక్కడ కొవ్వును ఎంచుకున్నారు. ఆ ఎంపికనే ఇక్కడికీ దిగుమతి చేశారు. కలకత్తా ఫోర్ట్ విలియం ఆయుధాగారంలో కొవ్వు, తేనెమైనం కలిపి తూటాలకు పూశారు. ఆ కొవ్వు ఏ జంతువుదో విచారించినవాడు లేడు.

తెలియక జరిగిన పొరపాటు అందామా? అనడానికి వీలు లేదు. 1853లోనే ఈ తూటాలు పరీక్షకై భారతదేశానికి వచ్చాయి. ఆ సంవత్సరం డిసెంబరులోనే బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టకర్, కందెనలో కుల మతాచారాలకు విరుద్ధమైనది ఏదీ లేదని తేలితే తప్ప దేశీయ దళాలకు వీటిని ఇవ్వరాదని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మిలిటరీ బోర్డు కాగితాల కట్టలలో నిద్రపోయింది. ఇక్కడి ఎండకు, వానకు ఆ కొవ్వు ఎలా నిలుస్తుందో మాత్రం శ్రద్ధగా పరీక్షించారు. మనిషికి ఎలా ఉంటుందో పరీక్షించలేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో సంగతి బయటపడింది. అప్పుడు ఆయుధశాఖాధికారి కర్నల్ అబట్‌ను అడిగితే, అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా ఏ జాగ్రత్తా తీసుకోలేదని తేలింది. సిపాయిల ఫిర్యాదుకు ఆధారం ఉన్నదని గవర్నర్ జనరల్ కానింగ్ సైతం తన లేఖలో ఒప్పుకున్నాడు. పాలకుడే ఒప్పుకున్న సంగతిని మనం ఇంకా 'పుకారు' అని పిల్లలచేత వల్లె వేయించడం ఏమి న్యాయం?

ఎదుటిపక్షంవారి వాదాలను కూడా ఆలకిద్దాం. మొదటిది: "సిపాయి పంటితో చింపేది మందు ఉన్న కొనను, కందెన ఉన్నది రెండవ కొనకు. కనుక నోటికి తగిలే అవకాశమే లేదు." కొవ్వు నలభై డిగ్రీలు దాటిన వేడికి కరగసాగుతుంది. గంగా మైదానపు వేసవిలో కట్టగట్టిన తూటాలలో అది ఒక కొనకే కట్టుబడి కూర్చుంటుందని నమ్మేవాడిని నేను చూడలేదు. పైగా దానిని పట్టుకునే చేయి ఒక్కటే.

రెండవది: "1857 జనవరి చివరనే కందెన లేని తూటాలిచ్చి, సిపాయిలే తమకు నచ్చినది పూసుకోవచ్చునని ఉత్తరువు వేశారు కదా? మీరట్‌లో ఇచ్చినవి పాతరకం తూటాలే కదా?" ఇది సత్యమే. కాని విశ్వాసం చెడిన తరువాత వచ్చిన ఉత్తరువు ఎవరిని ఒప్పిస్తుంది? ఏమీ లేకపోతే ఎందుకు మార్చారు అన్న సందేహం కొత్తగా పుట్టింది. పిమ్మట కాగితం నిగనిగలాడినా అనుమానమే కలిగింది. ఏప్రిల్ 24న మీరట్‌లో తూటాలు ముట్టబోమన్న 85 మంది రౌతులకు మే 9న అందరి ఎదుట సంకెళ్లు వేశారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. మరునాడే మంట లేచింది. తప్పు చేసినది కందెన ఎంచినవాడు, సంకెల పడినది ప్రశ్నించినవాడికి.

మూడవది: "తరువాత యుద్ధంలో ఆ తూటాలనే తెల్లవారిపై వాడారు కదా?" తిరగబడిన దళాలలో అత్యధికుల చేతిలో ఉన్నవి నున్నని గొట్టపు పాత తుపాకులే. ఒకవేళ కొందరు వాడినా, ప్రాణాపాయంలో గుంటనీరు తాగినవాడు అంతకుముందు మంచినీరు అడగడం అబద్ధమవుతుందా?

నాలుగవది బరువైనది: "డమ్‌డమ్‌లో కథ మొదలైనదే ఒక కూలివాడికి బ్రాహ్మణ సిపాయి తన చెంబు ఇవ్వనందువలన. ఆ అంటరానితనాన్ని మీరు సమర్థిస్తారా?" సమర్థించను. సాటి మనిషికి చెంబెడు నీరు ఇవ్వనివాడు తప్పు చేసినవాడే. కాని ఒకడి తప్పు మరొకడి నిర్లక్ష్యానికి అనుమతిపత్రం కాదు. నా నోటిలో పెట్టేది ఏమిటో నాకు చెప్పమనడం కులాహంకారం కాదు, మనిషి హక్కు. నేడు అంగడిలో బిస్కట్ల పొట్లం కొంటూ దానిపై ఆకుపచ్చ చుక్క కోసం వెదికేవారు, ఆ చుక్కనే అడిగిన సిపాయిని చూసి నవ్వడం వింత.

తిరుగుబాటుకు కందెన ఒక్కటే కారణమని నేను అనడం లేదు. 1856లో అవధ్ విలీనం, సముద్రాలు దాటి అయినా కొలువు చేయాలన్న అదే ఏటి శాసనం, జీతభత్యాల అసంతృప్తి అన్నీ ఉన్నాయి. కాని వాటిని చెప్పి కందెనను నెపంగా తోసివేయడం సరికాదు. ఇది వారికి కొత్త పాఠం కూడా కాదు. 1806 జులై 10న వేలూరులో, తోలు తురాయి గల కొత్త తలపాగా పెట్టుకొమ్మని, నుదుట బొట్టు వద్దని శాసించినందుకే మద్రాసు సైన్యం తిరగబడింది. ఆ సైన్యంలో మన తెలుగువారూ గణనీయంగా ఉండేవారు. గవర్నరు బెంటింక్ పదవి కోల్పోయాడు. 51 ఏండ్ల తరువాత మరల అదే పాఠం, అదే పరాకు.

తెలుగు చదువరులకు మన పలుకులోనే తీర్పు ఉంది. సంస్కృతంలో 'స్నేహం' అంటే మైత్రి, జిడ్డు పదార్థం కూడా. ఆయుర్వేదం నెయ్యి, నూనె, వస, మజ్జ అనే నాలుగింటినీ స్నేహాలనే పిలుస్తుంది. తెలుగులో నెయ్యికీ నెయ్యానికీ ఉన్న చుట్టరికం చెప్పనక్కరలేదు. రాపిడిని తగ్గించేది ఏదైనా స్నేహమే, లోహాల మధ్యనైనా మనుషుల మధ్యనైనా. ఇక 'కొవ్వు' అన్న మాటకు మన భాషలో రెండవ అర్థం గర్వమని పసిపిల్లలకూ తెలుసు. కుంపిణీవారు తుపాకికి స్నేహం పూయబోయి కొవ్వు పూశారు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. ఈ పాఠం చెప్పేటప్పుడు 'పుకారును నమ్మి' అనకండి. 'అడిగిన ప్రశ్నకు సకాలంలో సమాధానం రాక' అనండి. రెండు వాక్యాల పొడవు ఇంచుమించు ఒక్కటే. కాని మొదటి వాక్యం విన్న పిల్లవాడు తన పూర్వులను చూసి నవ్వుతాడు. రెండవది విన్నవాడు అడగడం నేర్చుకుంటాడు.