చావుకు చప్పట్లు

2008 డిసెంబరు 13 మీకు జ్ఞాపకమున్నదా? ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో నిందితులైన ముగ్గురు యువకులు నాడు మామునూరు సమీపంలో పోలీసు కాల్పులలో మరణించారు. ఓరుగల్లులో సంబరాలు జరిగినవి. పోలీసులకు పూలదండలు పడినవి.

మట్టెవాడ వాసిగా ఆ ఆగ్రహాన్ని నేను తప్పుపట్టను. కన్నబిడ్డ ముఖం కాలిపోతే ఏ తండ్రికి మనశ్శాంతి? అయితే దండలు పడిన వేళ ఆ అమ్మాయిలు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. డిసెంబరు 31న ఒకరు కన్నుమూశారు. కాలిన చర్మం నుండి ద్రవాలు కారిపోతాయి, సూక్ష్మక్రిములు లోనికి చొరబడతాయి. ఆ పోరాటం వారాల తరబడి సాగుతుంది. వీధిలోని ఈలలు ఆ బాధను ఒక్క గంటైనా తగ్గించలేవు. యాసిడ్ చిల్లర అమ్మకంపై సుప్రీంకోర్టు ఆంక్షలు వచ్చినది 2013లో మాత్రమే!

2019లో చటాన్‌పల్లిలోనూ పూలే కురిశాయి. అవి చంపే ఉద్దేశంతో జరిపిన కాల్పులేనని 2022లో విచారణ కమిషన్ తేల్చినప్పుడు, పూలు చల్లినవారు మళ్లీ కనబడలేదు.

అభిమానించినవారు పోయినప్పుడో, కన్నీళ్లతోనే సరిపెట్టుకుంటాము. 2002 నవంబరు 13న కాళోజీ అస్తమించినప్పుడు నగరమంతా విలపించినది. ఆయన దేహం మాత్రం కాకతీయ వైద్య కళాశాలకు చేరినది, విద్యార్థుల చదువు కొరకు. ఆయనను మీరు నిజంగా అభిమానిస్తే, శరీరదానం గురించి ఆ కళాశాల అనాటమీ విభాగంలో విచారించవచ్చును. ముందుగా ఇంట్లో వారితో మాట్లాడండి. వారి అంగీకారం అవసరం.